తొంభై ఆరు మంది

"తొంభై ఆరు మందిని చూస్తే ఏం తేలుతుందమ్మా? మూడు వందల ఎనభై నాలుగు మంది కావల్ల గదా," అన్నాడు డాక్టరు శేషయ్య, రిజిస్టరు పక్కన పెట్టి.

నర్సు రాజరత్నం తల వంచుకుని నిలబడింది. ఆళ్లగడ్డ పల్లెల్లో, కాల్లోంచి దారం లాంటి పురుగు బయటపడే నారికురుపు నూటికి ఎందరికుందో తేల్చడానికి నెలరోజులు ఎండలో తిరిగి, ఆ పొద్దే నంద్యాల ఆఫీసుకొచ్చింది. ఎందరిని చూడాలో లెక్కగట్టింది మాత్రం పక్కనే కూర్చున్న ఆఫీసు లెక్కల గుమాస్తా యేసుదాసు.

యేసుదాసుకు తన తప్పు అప్పుడు తట్టింది. వచ్చే జవాబు నూటికి ఐదుకు మించి అటూ ఇటూ పోకూడదని డాక్టరు చెబితే, తను పది అని వేసుకున్నాడు. ఆ తేడా సగానికి తగ్గాలంటే మనుషులు నాలుగింతలు కావాలి. తొంభై ఆరని చీటీ రాసిచ్చింది తనే.

రాజరత్నం సంచిలో చెయ్యి పెట్టింది. చీటీ కొస కనబడింది. ఒకసారి అతని వైపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మళ్లీ పోతా సార్."

"ఒళ్లు వంచకపోతే ఇట్లే అవుతుంది," అన్నాడు డాక్టరు.

యేసుదాసు ముందున్న కాగితాలు సర్దుకున్నాడు.

రెండు రోజులు డాక్టరుకు ఎదురుపడకుండా తిరిగాడు. మూడో రోజు డాక్టరు దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "నువ్వూ పోయి ఆమెతో తిరుగు," అన్నాడు డాక్టరు, తలెత్తకుండా.

ఆళ్లగడ్డలో బస్సు దిగేసరికి రాజరత్నం శిల్పుల వీధిలో ఒక ముసలాయన కాలికి కట్టు కడుతోంది.

"డాక్టరుకి చెప్పినాకొచ్చినారా, చెప్పకుండానా?"

"చెప్పినాకే. ఆ పొద్దు చీటీ ఎందుకు చూపించలేదు?"

"మీరే చెప్తారనుకున్యా."

అతను నేల చూపులు చూశాడు.

"అంత లెక్కలోళ్లు యాడ తప్పినారు?"

"మీరు ఎదురుగా కూచోని నవ్వుతాంటే, ఐదో పదో తెలీలేదు."

"తప్పు నా మీదికే తోస్తాండారే," అంది గానీ, మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది.

మిగిలిన రెండు వందల ఎనభై ఎనిమిది మందినీ ఇద్దరూ కలిసి చూశారు. ఆఖరి ఇల్లు దాటాక యేసుదాసు ఆగాడు.

"మీ నాయనను పిల్లనియ్యమని అడుగుదామనుకుంటాండా."

"అడగండి. ఆ పొద్దు ఏం జరిగిందో ముందు చెప్పల్ల."

చెప్పాడు. రాజరత్నం తండ్రి సుందరప్ప మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. యేసుదాసు చెవులు ఎర్రబడ్డాయి.

"నిలబడే ఉండావేంది నాయనా," అని, సుందరప్ప మంచం మీద ఓ పక్కకు జరిగాడు.