రెండో స్టాపర్

"మనిషి ప్రాణాలతో కావాలి పిన్నీ," అన్నాడు చీఫ్, ఫోటోను బల్ల మీద ఆమె వైపు తోస్తూ.

ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ పిన్ని అనే పిలిచే ఆ ఏజెంట్ ఫోటో వంక చూడలేదు. ఆ మొహం కళ్లు మూసుకుని గీయగలదు. బొగ్గు ముఠాలో అతన్ని మిస్త్రీ అంటారు. పోయిన ఏడాది, గ్యాస్ నిండిన ల్యాబ్‌లో ఆమె కొడుకు తలుపు కొట్టీ కొట్టీ పోయాడు. ప్రమాదమని రిపోర్టు వచ్చింది. ఆమె నమ్మలేదు, మిస్త్రీ పనే అనుకుంది. "తలుపు కింద ఏదైనా పెట్టుకోరా నాన్నా, పడిపోతే ఎవరు తీస్తారు?" అని చెవినిల్లు కట్టుకుని పోరి పెంచిన పిల్లాడు. రబ్బరు స్టాపర్ లేకుండా గడప దాటేవాడు కాదు. ఆ స్టాపర్ కారిడార్ చివర్లో దొరికింది. తనంతట తాను నడిచి వెళ్లదు కదా.

"ప్రాణాలతో ఎందుకు సార్?"

"సాక్ష్యం కోసం."

"చూద్దాం."

ఆ 'చూద్దాం' చీఫ్‌కి నచ్చలేదు. అయినా బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. "రేపు ఆసియా దేశాల మంత్రులు ఒక్క హాల్లో సంతకాలు పెడతారు. ఉమ్మడి కరెంటు గ్రిడ్, బొగ్గు ప్లాంట్ల మూసివేత, అన్నిటికీ మించి అందరికీ ఒకే కార్బన్ మీటరు. ఏ దేశపు పొగగొట్టం ఎంత కక్కుతోందో పక్క దేశానికి తెర మీద కనబడిపోతుంది. దొంగ లెక్కలతో బొగ్గు అమ్ముకునే విదేశీ ముఠాకి అది ఉరితాడు."

"ఆ మీటరు చేసింది మావాడే."

"అందుకే ఈ పని మీకివ్వాలంటే భయం." పౌడరు డబ్బా లాంటిది ఒకటి అందించాడు. "నొక్కితే ఆక్సిజన్ మాస్కు. టెస్ట్ చేశాం."

"ఎవరి మీద?"

చీఫ్ ఫైలు సర్దుకున్నాడు.

"అయితే ఇంకోటి ఇవ్వండి," అంది పిన్ని.

మర్నాడు క్లీనింగ్ సూపర్‌వైజర్ యూనిఫాంలో, మాప్ కర్ర పట్టుకుని కాన్ఫరెన్స్ హాలు కారిడార్‌లో నిలబడింది. మెరిసే నీలం పట్టులో, సెంటు ఘుమఘుమలాడుతూ, ఆఫీసు వాళ్లు నెమలి అని మారుపేరు పెట్టిన ఆమె వచ్చింది. పేరుకు అనువాదకురాలు, అసలు పని, ముఠాలో ఉంటూ మనకు కబుర్లు చేరవేయడం. కొడుకు పోయిన రోజు పిన్ని చెయ్యి వదలకుండా పక్కనే కూర్చుని ఏడ్చింది.

"లోపల ఉక్కగా ఉంది పిన్నీ."

"కిటికీలు తెరిస్తే సర్దుకుంటుంది."

కోడ్ కలిసింది. నెమలి గొంతు తగ్గించింది. "మిస్త్రీ బేస్‌మెంట్‌లో ఉన్నాడు. సర్వర్ గదిలో మంటలు ఆర్పడానికి పెట్టిన కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లున్నాయే, వాటి పైపుని హాలు ఏసీ డక్ట్‌కి తిప్పేశాడు. మొదటి సంతకం వేళకి హాలు నిండేలా టైమర్ పెట్టాడు."

"కార్బన్ తగ్గిస్తామన్న వాళ్లని దాంతోనే చంపుతాడా? వెటకారం కూడానా వెధవకి."

"నేను బూత్‌లో లేకపోతే అనుమానిస్తారు. నువ్వెళ్లు. ఒక్కదానివే వెళ్లు, అలికిడైతే పారిపోతాడు."

బేస్‌మెంట్ తలుపు బరువైనది. దానంతట అది మూసుకుని, బయటినుంచి మాత్రమే తెరుచుకునే రకం. పిన్ని జేబులోంచి కొడుకు స్టాపర్ తీసి తలుపు కింద పెట్టింది. రెండడుగులు వేసి ఆగింది. జారితే? ఎవరైనా తోస్తే? వెనక్కొచ్చి, పైన మడతబందు పక్క సందులో ఇంకోటి దూర్చింది. అప్పుడు గానీ కాళ్లు ముందుకు పడలేదు.

మిస్త్రీ సిలిండర్ల మధ్య మోకాళ్ల మీద ఉన్నాడు. పిస్టల్ ఎత్తేలోపే మాప్ కర్ర అతని మణికట్టు మీద పడింది. పిస్టల్ సిలిండర్ల కిందికి జారిపోయింది.

"ఆపు దాన్ని."

"ఆగదు. టైమర్ పెట్టెకి తాళం వేసేశాను, తాళంచెవి నా దగ్గర లేదు," నవ్వాడు మిస్త్రీ.

టైమర్ అంకెలు తరిగిపోతున్నాయి. పిన్ని మాప్ కర్ర పిడి లాగింది. లోపల స్పానర్. హాలుకి వెళ్లే పైపు జాయింట్‌కి బిగించి బలమంతా పెట్టి తిప్పింది.

"పిచ్చిదానా, అది ఊడితే గ్యాసంతా ఇక్కడే నిండుతుంది."

"నిండనీ."

చివరి అంకె మీద జాయింట్ ఊడొచ్చింది. తెల్లటి పొగ బుస్సుమంటూ గదిలోకే చిమ్మింది. సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర నీలం పట్టు అంచు కింద నుంచి ఒక హైహీల్ కదిలి, కింది స్టాపర్‌ని తన్నేసింది.

"ఆగు, నేనింకా లోపలే ఉన్నాను," అరిచాడు మిస్త్రీ. చెప్పుల చప్పుడు మెట్లెక్కిపోయింది.

తలుపు దభీమని వచ్చింది గానీ పడలేదు. పై స్టాపర్ జానెడు సందు ఆపింది. పిన్ని మాస్కు మొహానికి నొక్కుకుని, తలుపు తోసుకుని బయటపడి, ఆ రెండోది లాగేసింది. మిస్త్రీని లోపలే ఉంచి తలుపు పడింది.

దబదబా బాదుడు.

"మావాడు ఎంతసేపు కొట్టాడు?"

"తియ్యమ్మా, నీకు దణ్ణం పెడతాను."

"అడిగింది చెప్పు."

"చాలాసేపు... గ్యాస్ వదిలింది నేనే. స్టాపర్ తన్నింది నేను కాదు. ఆ రోజూ ఆవిడే. నేను తీయబోతే వద్దంది."

పిన్ని తన చేతి వంక చూసుకుంది. నెమలి పక్కన కూర్చుని ఏడ్చినప్పుడు పట్టుకుంది ఆ చెయ్యినే. ఏడాదిగా ఈ బాదుడు వినాలని ఎదురుచూసింది. విన్నంతసేపు వింది. అది నెమ్మదించాక తలుపు లాగి, అతని కాలరు పట్టి కారిడార్‌లోకి ఈడ్చింది.

"ఊపిరి పీల్చుకో. నీ మీద జాలితో కాదు. ఆవిడ పేరు చెప్పడానికి నోరుండాలి నీకు."

మెట్ల పక్కన పడి ఉన్న కొడుకు స్టాపర్‌ని తీసుకుని, కొంగుకి తుడిచినట్టు యూనిఫాం అంచుకి తుడిచింది.

హాలు పైన గాజు బూత్‌లో నెమలి మైకు ముందు కూర్చుంది. మంత్రులకు ఊపిరాడనప్పుడు "లేవకండి, చిన్న సాంకేతిక సమస్య" అని అన్ని భాషల్లో చెప్పడం ఆమె వంతు. మొదటి సంతకం పడింది. రెండోదీ పడింది. ఎవరూ దగ్గలేదు. ఆమె తల తిప్పింది. గాజు అవతల పిన్ని.

బూత్ తలుపు బయటికి తెరుచుకునేది. పిన్ని వంగి, స్టాపర్‌ని దాని కింద పెట్టి మడమతో గట్టిగా తొక్కింది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. నెమలి తలుపు తోసి చూసింది. కదల్లేదు. హాల్లో మంత్రి ప్రసంగం ఎత్తుకున్నాడు. మైకులో నెమలి గొంతు వణుకుతూ అనువదించింది: "పొరుగువారి మీద నమ్మకమే మన ఒప్పందానికి పునాది."

చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "పిన్నీ, తలుపు తియ్యండి. మనవాళ్లు బేడీలతో వచ్చారు."

"తీస్తాను సార్. ఇంకా చాలా దేశాలు మాట్లాడాలట. పాపం, మధ్యలో లేపితే మంత్రులకు అర్థం కాదు."