పై ఊరా, కింది ఊరా

"తలుపు వేసుందంటే పిల్లకి ఏదో అయ్యే ఉంటాది," అంది వీరవేణి, మెట్ల మలుపులోనే ఆగిపోయి.

వెనక వస్తున్న సోమరాజు కూడా ఆగాడు. అరటిపళ్ళ సంచీని ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం బహ్రెయిన్‌లోని జుఫైర్‌లో ఎవరి తలుపులైనా వేసే ఉంటాయి, లోపల ఏసీలు నడుస్తుంటాయి గనక. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసినంత మాత్రాన భయం ఊరుకుంటుందా? అయిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి, లోకంలో జరిగే చెడునంతా రేడియోలోనో పక్కింటి వాళ్ళ నోటో విని గుండెల్లో దాచుకునే మనిషి... ఆమెకు మూసిన తలుపు కనిపిస్తే ఆసుపత్రే గుర్తొస్తుంది.

వీరవేణి అరాద్‌లో ఒక అరబ్బు కుటుంబం ఇంట వంటమనిషి. సోమరాజు అస్కర్‌లో అల్యూమినియం ఫ్యాక్టరీ పక్కన కాంట్రాక్టరు క్యాంపులో ఉంటాడు. ఒకే చిన్న దేశంలో ఉంటూ ఆ భార్యాభర్తలు కలుసుకునేది శుక్రవారం ఒక్క పూట. రాజోలు దగ్గర పల్లె వదిలి వచ్చిన కొత్తలో పడిన అలవాటు అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ బస్టాండు బెంచీల మీదా, తెలిసినవాళ్ళ ఇళ్ళలోనూ గడిచిన ఆ పూట, కూతురు సాయికుమారి కాపురానికి వచ్చాక ఆమె గదిలో గడుస్తోంది. అల్లుడు అప్పాజీ హోటల్లో వంటవాడు. హోటలు వెనక మేడ మీద ఒక్క గది, ఒక మంచం, ఒక స్టవ్వు, రెండేళ్ళ దుర్గ. ఆ గదే వీరవేణికి పుట్టిల్లు.

తలుపు తీసింది సాయికుమారి. పిల్ల వెనకనుంచి వచ్చి అమ్మమ్మ మోకాళ్ళను చుట్టేసింది. ఏమీ కాలేదు. వీరవేణి పిల్ల నుదురు తడిమి చూసి, మెడ మీద చెయ్యి పెట్టి చూసి, అప్పుడు చెప్పులు విడిచింది.

"కూర్చోండత్తయ్యగారు. మావయ్యగారు, ఇలా రండి," అంటూ అప్పాజీ మంచం మీద ఒక రంగుల కాగితం పరిచాడు.

కాగితం నిండా తెలుపు. తెల్లటి కొండ, తెల్లటి చెట్లు. ఎర్రకోట్లు వేసుకున్న మనుషులు కాళ్ళకు పొడుగాటి చెక్కలు కట్టుకుని కొండ మీంచి కిందకు జారుతున్నారు. అప్పాజీ హోటలు యజమానిది లెబనాన్ దేశం. అక్కడ యుద్ధం ఆగిపోయాక తన ఊరి కొండ మీద కొత్త హోటలు కట్టాడట. నమ్మకమైన వంటవాడు కావాలని అప్పాజీని రమ్మంటున్నాడు, భార్యాబిడ్డలతో సహా.

"వీళ్ళంతా ఎందుకు పడిపోతన్నారు?" అంది వీరవేణి.

"పడిపోవడం కాదండి, జారతన్నారు. సరదాకి."

"డబ్బులిచ్చా?"

"ఆయ్, డబ్బులిచ్చే జారతారండి."

"మన ఊళ్ళో వానాకాలం గట్టు మీదకి రమ్మను, ఊరికే జారొచ్చు," అంది ఆమె. సాయికుమారి నవ్వింది. వీరవేణి నవ్వలేదు. ఆ మాట నవ్వించడానికి అనలేదు ఆమె.

వెళ్ళాలా వద్దా అన్నది అప్పటికే తేలిపోయింది. ఇక్కడి హోటలును యజమాని అమ్మేస్తున్నాడు, ఈ గది ఉండదు. తేలనిది ఒక్కటే, అక్కడ ఎక్కడుండాలన్నది. యజమాని రెండు చోట్లు చూపించాడు. కొండ మీద పై ఊళ్ళో, హోటలు వెనకే ఒక గది. వంటగది నుంచి నాలుగడుగులు. డాక్టరు లేడు, పెద్ద దుకాణం లేదు, చలికాలమంతా గుమ్మం దాకా మంచు. కొండ కింద ఊళ్ళో రెండు గదుల ఇల్లు. డాక్టరు అదే వీధిలో, బజారు పక్కనే, ఎండ కూడా కాస్తుందట. కానీ అప్పాజీ పని మాత్రం పైనే. వారానికొకసారి దిగి రావాలి. మంచు గట్టిగా పడితే దారి మూసేస్తారు, అప్పుడు అదీ ఉండదు. వచ్చే శుక్రవారం సాయంత్రానికల్లా ఏదో ఒకటి చెప్పమన్నాడు, రెండోది వేరే వాళ్ళకి ఇచ్చేస్తాడు.

"ఇందులో ఆలోచించడానికేముంది? కిందే," అంది వీరవేణి. "పిల్లకి పోయిన ఏడు ఉబ్బసంలాగ వచ్చి ఎంత ఆయాసపడిందో చూశారు కదా. మంచులో ఊపిరి ఆడకపోతే ఎవర్ని పిలుస్తారు? దారి మూసేశాక డాక్టరు ఎగిరొస్తాడా?"

అప్పాజీ తల వంచుకుని కాగితం అంచులు సరిచేశాడు. "మీరు పెద్దవారు, మీరెలాగంటే అలాగేనండి," అన్నాడు. సాయికుమారి మాత్రం మొగుడి ముఖం వైపు ఒకసారి చూసి, పిల్ల జుట్టు దువ్వడం మొదలుపెట్టింది. ఆ చూపును వీరవేణి చూసింది. చూసి, చూడనట్టు అరటిపండు ఒలిచింది.

సోమరాజు కిటికీ దగ్గర కూర్చుని టీ తాగాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పే మనిషి కాదు.

ఆ వారమంతా వీరవేణికి అన్నం సహించలేదు. ఆమెకు తెలిసిన మంచు ఒక్కటే, అంతర్వేది రేవులో రొయ్యల పెట్టెల్లో పోసే ఐసు. పెళ్ళికాక ముందు ఆ పెట్టెలు సర్దే పనికి వెళ్ళేది. పొద్దు వాలేసరికి వేళ్ళు తెల్లబడి, ముద్ద కలుపుకోవడానికి కూడా వంగేవి కావు. ఊరంతా ఆ పెట్టెలాగే ఉంటే పసిపిల్ల ఎలా తిరుగుతుంది? ఒక రోజు వంటింట్లో ఎవరూ లేనప్పుడు డీప్ ఫ్రీజరు మూత తెరిచి, గడ్డకట్టిన చేపల మధ్య చెయ్యి పెట్టి, ఆంజనేయ దండకం మొదలుపెట్టింది. సగం కాకముందే మోచేతి దాకా మొద్దుబారింది. అయినా తియ్యలేదు. దుర్గ ఓర్చుకోవలసింది నేనూ ఓర్చుకోవాలి కదా అని అలాగే నిలబడింది.

"మజ్నూన్?" అన్న గొంతు వినబడి ఉలిక్కిపడింది. పిచ్చా నీకు, అని అడుగుతోంది ఆ ఇంటి ముసలావిడ. ఇంట్లో అందరూ ఆమెను పెద్ద మామా, అంటే పెద్దమ్మగారు, అంటారు.

వీరవేణి చెయ్యి కొంగులో చుట్టుకుని, వచ్చిన అరబ్బీలో, రాని చోట చేతులతో సంగతంతా చెప్పింది. పెద్ద మామా వయసులో ఉండగా ఎండాకాలాలకు లెబనాన్ వెళ్ళిన మనిషేనట. మంచి చోటు, చలి మాత్రం వాజిద్, చాలా ఎక్కువ, అంది. తరువాత ఫ్రీజరు మూత తనే వేసి, "ఇందులో పొయ్యి ఉండదు వేనీ. ఇంట్లో పొయ్యి ఉంటుంది," అంది.

ఆ మాటకు వీరవేణి మనసు కొంచెం తేలికపడాల్సింది. పడలేదు. పొయ్యి ఉంటే పొగ ఉంటుంది, తలుపులు మూసిన గదిలో పొగ కమ్మితే... ఆమె భయానికి ఎప్పుడూ ఇంకో మెట్టు ఉండేది.

పొగ అనుకోగానే అస్కర్ గుర్తుకొచ్చింది.

బహ్రెయిన్ వచ్చిన కొత్తలో సంగతి. సాయికుమారిని నాయనమ్మ దగ్గర వదిలి వచ్చారు. క్యాంపు మేస్త్రీ ఒకాయన మంచివాడు, క్యాంపుకి కొంచెం ఎడంగా ఒక పాత గది ఉంది, పెళ్ళాన్ని తెచ్చుకుని ఉండు, మెస్సులో వంటపని ఇప్పిస్తాను అని సోమరాజుకు చెప్పాడు. చూద్దువుగాని రమ్మని సోమరాజు కబురు పెడితే, అప్పటికే అరాద్‌లో పనికి కుదిరిన వీరవేణి వెళ్ళింది. బస్సు దిగేసరికి దూరంగా గొట్టాలు, వాటి మీద పొగ. రోడ్డంతా మగవాళ్ళే. ఆమె కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఈ పొగ పీలిస్తే ఊపిరితిత్తులు ఏమవుతాయి, ఈ మగాళ్ళ మధ్య ఒంటరిగా పగలంతా ఎలా, రేపు నాకేమైనా అయితే పిల్లకెవరు? అన్నీ రోడ్డు మీదే చెప్పేసింది. గది దాకా కూడా నడవలేదు. అరాద్‌లో అరబ్బుల ఇల్లు గోడల మధ్య భద్రంగా ఉంటుంది, నేను అక్కడే ఉంటాను, మీరు ఇక్కడ ఉండండి, శుక్రవారం కలుద్దాం, అని చెప్పి, చివర్లో "మీరేమంటారు?" అని అడిగింది. సోమరాజు రోడ్డు వైపు చూశాడు. "బస్సొస్తంది," అన్నాడు. అంతే. ఆమె ఎక్కేసింది.

ఆ గదిని తరువాత తెలంగాణ నుంచి వచ్చిన వెంకటికి ఇచ్చారు. అతని భార్య వినోద ఆ మెస్సులోనే వంట చేస్తూ చాలా ఏళ్ళు ఉంది. అక్కడే ఇద్దరికీ తల నెరిసింది, ఏ రోగమూ రాలేదు. మొన్నీమధ్యే ఊరికి వెళ్ళిపోయారు. ఒకసారి గుడి దగ్గర కలిసినప్పుడు వినోద నవ్వుతూ చెప్పింది. "గా రూము మంచిగనే ఉంటది వదినా. ఒక్క అద్దం మేకే బాగలేదు. ఎవలు కొట్టిండ్రో ఏమో, గింత కిందికి కొట్టిండ్రు. బొట్టు పెట్టుకోవాల్నంటే నేను వంగాలె." వీరవేణి కూడా నవ్వింది. ఆ తరువాత వెంకటి వచ్చి భార్య చేతిలోంచి సంచీ అందుకుని ఇద్దరూ ఒకే బస్సు ఎక్కడం చూస్తూ, చాలాసేపు తన బస్సు సంగతి మరిచిపోయింది.

శుక్రవారం వచ్చింది. వీరవేణి మనామా బజారులో కొన్న ఊలు స్వెట్టరు, మంకీ క్యాపు, చేతిజోళ్ళు పట్టుకొచ్చింది. ఆవిరి పట్టడానికి నీలగిరి తైలం కూడా. దుర్గ క్యాపు తొడుక్కుని, ఏసీ గదిలోనే చెమటలు పట్టేలా గంతులు వేస్తోంది.

"తియ్యవే, దద్దుర్లొస్తాయి," అంది వీరవేణి.

"నువ్వే తెచ్చావు, నువ్వే తియ్యమంటావు," అంది సాయికుమారి. తరువాత కింద కూర్చుని, పిల్ల చేతిజోళ్ళు మడుస్తూ మామూలుగా చెప్పింది. "మేము అనుకున్నామే అమ్మా. కింది ఊళ్ళోనే ఉంటాం. నువ్వన్నదే నిజం, డాక్టరు దగ్గర ఉంటే ధైర్యం. ఈయన పైనుంటారు. వీలైనప్పుడు దిగుతారు."

వీరవేణి గుండె మీంచి బరువు దిగినట్టయింది. ఒక్క క్షణమే.

"ఏముందిలే," అంది సాయికుమారి, ఎవరినీ నొప్పించాలని కాకుండా, తనకి తాను ధైర్యం చెప్పుకుంటున్నట్టు. "నువ్వూ నాన్నా ఉండలేదా అలాగ? నాన్న అస్కర్లో, నువ్వు అరాద్‌లో. మీరు ఉన్నారుగా. మేమూ ఉంటాం."

అప్పాజీ గోడ వైపు తిరిగి చొక్కా వేసుకుంటున్నాడు. కింద యజమాని కారు వచ్చేసింది, వెళ్ళి మాట చెప్పి డ్యూటీ ఎక్కాలి. బొత్తాలు పెట్టుకోవడానికి అతనికి చాలాసేపు పట్టింది.

వీరవేణి తైలం సీసాను మంచం మీద పెట్టింది. మీరు ఉన్నారుగా... ఉన్నాం. ఎలా ఉన్నాం? సోమరాజుకు జ్వరం వచ్చి తగ్గిపోయాక ఆమెకు తెలిసేది. తల్లి పోయిన కబురు ఆయనకు క్యాంపులో తెలిస్తే, ఏడవడానికి శుక్రవారం దాకా ఆగి, బస్టాండు బెంచీ మీద ఏడ్చాడు. ఆయనకు ఏ కూర ఇష్టమంటే ఆమెకు ఇప్పటికీ పెళ్ళయిన కొత్తలోని ఇష్టాలే తెలుసు, మారాయో లేదో తెలియదు. భయపడిన చెడు ఏదీ జరగలేదు. భయపడనిది మాత్రం జరిగిపోయింది. దాన్నే కూతురు ఇప్పుడు మంచి ఉదాహరణగా ఎత్తి చూపిస్తోంది.

అయినా పిల్ల ఆయాసం? దారి మూసేస్తే? అదీ అబద్ధం కాదే. ఎటు తిరిగినా ఆమెకు గోడే కనిపించింది. కిటికీ దగ్గర కూర్చున్న మొగుడి వైపు తిరిగింది.

"మీరేమంటారు?"

ఆ మాట నోట్లోంచి వచ్చాకే ఆమెకు తెలిసింది, అస్కర్ రోడ్డు మీద అడిగిందీ ఈ మాటేనని.

సోమరాజు టీ గ్లాసు కింద పెట్టాడు. ఏసీ నీళ్ళు కింది బకెట్టులో పడుతున్నాయి. దుర్గ తాతయ్య ఒళ్ళోకి ఎక్కి, తన క్యాపు ఆయన తలకు పెట్టాలని చూసింది, అది పట్టలేదు. కింద కారు హారను ఒకసారి మోగి ఆగింది. అప్పాజీ కదలలేదు. వీరవేణి కూడా ఈసారి వేరే మాట మొదలుపెట్టలేదు, బస్సు ఏదీ రాలేదు గనక.

"పైనే ఉండండి," అన్నాడు సోమరాజు చివరికి, కూతురితో. "మంచు కురిసే నెలల ముందే పిల్లని డాక్టరుకి చూపించి మందులు దగ్గర పెట్టుకోండి. దానికి ఆయాసం వస్తాదనిపిస్తే, దారి మూయక ముందే దిగిపోండి. ముగ్గురూ కలిసి దిగండి. ఆయన పైనా, నువ్వు కిందా... అది వద్దమ్మా."

అప్పాజీ ముఖం ఇటు తిప్పాడు. "అలాగేనండి మావయ్యగారు," అని, మామగారి చెయ్యి పట్టుకోవాలో వద్దో తెలియక, తలుపు తీసుకుని మెట్లు దిగిపోయాడు. సాయికుమారి చేతిజోళ్ళు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

వీరవేణి మొగుణ్ణే చూస్తోంది. "మరి ఆ రోజు నన్ను ఎందుకు వెళ్ళనిచ్చారండీ?" అంది, ఆయనకు తప్ప ఎవరికీ వినబడనంత మెల్లగా. "నేనడిగాను కదా. ఒక్క మాట చెప్తే ఆగేదాన్నేమో..."

సోమరాజు పిల్ల చేతిలోంచి క్యాపు తీసి పక్కన పెట్టి, దాని చెమట పట్టిన జుట్టు వెనక్కి తోశాడు.

"నువ్వు అప్పటికే భయపడిపోయావు వేణీ. గది చూసుంటే అడిగేదానివే కాదు," అన్నాడు. "ముందు రోజే సున్నం వేశాను. అద్దానికి మేకు నీ ఎత్తుకి కొట్టాను."