తలకు పోసుకో పో

ఆ పొద్దు మా వీధికి నీళ్లు రాలేదు. తిరుపతిలో ఎండాకాలం అది కొత్తేమీ కాదు. ఖాళీ బిందెలు పక్కన పెట్టుకొని, ట్యాంకరువాణ్ని తిట్టుకుంటూ ఆడవాళ్లు అరుగుల మీద కూచున్నారు. మా ఇంట్లో మాత్రం పులిహోర ఘుమఘుమలాడుతోంది. కరెస్పాండెంట్ రాజారత్నం గారు వస్తున్నారు మరి!

మా అన్న హృషీకేశ్ ఆయన బడిలోనే అయ్యవారు. మా వీధి ఆడపిల్లలమంతా చదివిందీ అక్కడే. మేముండే ఇల్లూ ఆయనదే. వీధి చివరి గుడికి ధర్మకర్త కూడా ఆయనే. ఆయన దగ్గితే వీధంతా తలుపులు తెరుచుకుంటాయి. అన్న కూతురు వేదికను వడమాలపేటలోని తన హాస్టల్లో పెట్టుకొని ఉచితంగా చదివిస్తానన్నాడు. ఇవాళ తనే కారులో తీసుకుపోతాడట. వదిన పెట్టె కూడా సర్దేసింది.

నేను చెప్పాలి. ఆ కారు కదిలాక ఇక చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే.

ఒకసారి చెప్పాను. వేదిక వయసులో, ఆయన ఆఫీసు గదిలోంచి ఇంటికి పరుగెత్తుకొచ్చి, మా అవ్వ వరదమ్మతో చెప్పాను. అవ్వ మడి కట్టుకొని వంట చేస్తోంది. పెద్ద మాటలు నాకు తెలియవు. "అవ్వా, సారు నన్ను తాకినాడు" అన్నాను. మడిలో ఉన్న మనిషికి తాకడమంటే ఒకటే అర్థం. "అయితే మైలే కదే! ఈడికి రాబాక. తలకు పోసుకో పో" అంది. పోసుకున్నాను. నా దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే, దానికి జవాబు వచ్చేసింది. తర్వాత అన్నకు ఉద్యోగం ఆయనే ఇచ్చాడు. అవ్వ పోతే ముందు నిలబడి అన్నీ ఆయనే జరిపించాడు. ఆ చేతికి నేనే ఎన్నోసార్లు కాఫీ అందించాను. తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను. చేసినవాడు చల్లగా ఉన్నాడు, సిగ్గు మాత్రం నాకు అంటుకుంది.

దీపాలు పెట్టే వేళకు ఆయన వచ్చాడు. అన్న చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"ఏమప్పా, పిల్ల యాడ?" అన్నాడు నవ్వుతూ.

కరెంటు పోయింది.

అప్పుడు వినిపించింది. పెరట్లో స్నానాలగదిలోంచి... చెంబుతో తలకు పోసుకుంటున్న చప్పుడు.

"నీళ్లు యాడివి, నారాయణీ?" వదిన గుసగుసలాడింది.

"వేదికేమో..." అన్నాను.

"ఈడే, నా పక్కనే ఉండాది."

చెంబు మునిగింది. నీళ్లు జారాయి. మళ్లీ చెంబు...

సెల్‌ఫోను లైటు వేసుకొని పెరట్లోకి నడిచాను. కుంకుడుకాయ వాసన. అవ్వ పోయాక మా ఇంట్లో కుంకుడుకాయలు కొట్టినవాళ్లే లేరు. తలుపు తోశాను. డ్రమ్ము ఖాళీ. గచ్చు పొడిగా ఉంది. మూలన బడి వోణీతో ఒక పిల్ల, వీపు నావైపు పెట్టి కూచుంది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి... కింద తడి లేదు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"చాలా, అవ్వా?" అంది. "ఇంకా పోలేదా?"

ఆ గొంతు నాది.

భయం కంటే ముందు సిగ్గేసింది. ఆ పిల్ల ఇన్నేళ్లూ ఇక్కడే పోసుకుంటూ ఉంది... ఎవరూ చాలని చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు.

"చాలమ్మా" అన్నాను. "లే. ఆ మైల నీది కాదు."

తల ఇటు తిప్పబోయింది. చూడలేక ఇంట్లోకి పరుగెత్తాను.

నట్టింట్లో నిలబడి చెప్పేశాను. ఈసారి తాకినాడు అనలేదు. ఆ పనికి ఉన్న అసలు పేరే పెట్టి చెప్పాను. "పిల్లను పంపేది లేదు. రేపు నేను పోలీసుస్టేషనుకు పోతాండాను" అన్నాను.

అన్న కట్టుకున్న చేతులు విప్పేశాడు. వదిన వేదికను కొంగులోకి లాక్కుంది.

రాజారత్నం మెల్లగా అడిగాడు. "ఇన్నేండ్లూ ఏం జేస్తా ఉండావు, తల్లీ?"

పెరట్లో చప్పుడు ఆగింది.

అమ్మయ్య అనుకున్నాను. అంతలో గోడ అవతల, పక్కింటి కోమలి వాళ్ల స్నానాలగదిలో చెంబు మునిగింది. ఆ పక్కింట్లో... ఎదురింట్లో... దాని పక్కింట్లో. చుక్క నీళ్లు లేని వీధిలో చివరిదాకా, తలల మీద నీళ్లు పడుతున్నాయి.

"ఎవురది?" అన్నాడు రాజారత్నం, వాకిట్లోకి వచ్చి. "ఎవురది?"

అరుగుల మీద ఉన్న ఆడవాళ్లలో ఒక్కరు కూడా ఆ మాట అడగలేదు.