కుడి టైరే ఎందుకు అరిగింది

పెళ్ళి కారు ముందు భాగానికి కట్టిన తెల్ల రిబ్బను చక్రం కింద పడి పర్రున చిరిగింది. పొద్దున్నుంచీ వేళ్ళు నొప్పి పుట్టేలా ఆ ముడులు వేసింది అక్బోతా. షిమ్‌కెంత్ నగరంలో పెళ్ళి ఊరేగింపు కార్లను అలంకరించడమే ఆమె పని. ఊరేగింపులో మూడో కారు హోటల్ గేటు ముందున్న స్పీడ్ బ్రేకర్ మీద పొట్ట ఆనించుకుని ముందుకూ పోక, వెనక్కీ రాక ఆగిపోయింది. కిందకు పిల్లి కూడా దూరలేదు. సోకు కోసం అంతగా దించేసిన తెల్ల కారు అది.

కారు దిగివచ్చిన కుర్రాడి మీద అక్బోతా విరుచుకుపడింది.

"నువ్వు కొన్నది కారా, చెప్పా? నేలకు అంటించి ఈడుస్తున్నావు."

అతను చిరిగిన రిబ్బనును చూశాడు, తర్వాత ఆమెను చూశాడు. "చెప్పయితే జత ఉండాలిగా. దాని కోసమే తిరుగుతున్నా," అన్నాడు.

అది నిరుటి వసంతంలో మాట. అతని పేరు సాకెన్ అని ఆ సాయంత్రమే తెలిసింది. అప్పటి నుంచి ప్రతి శనివారం ఏదో ఒక పెళ్ళికి ఆమె అతని కారుకు పూలు కట్టడం, అతని పక్క సీట్లో కూర్చుని పెళ్ళి హాలుకు వెళ్ళడం అలవాటైపోయింది. ఇద్దరిలో ఎవరూ నోరు తెరిచి ఏమీ చెప్పుకోలేదు. కానీ వాన పడితే అతను తన వైపు అద్దం కాకుండా ఆమె వైపు అద్దం ముందు ఎక్కించేవాడు. ఆమె మిగిలిన పూలలో మంచి పువ్వు ఏరి అద్దం దగ్గర పెట్టి దిగేది. అంతవరకూ అన్నీ తెలిసినట్టే ఉన్నాయి.

అక్బోతాకు తల్లి నుంచి వచ్చిన గుణం ఒకటుంది. ఏ చిన్న విషయాన్నైనా ఆసుపత్రి దాకా తీసుకెళ్ళి గానీ వదలదు. తల్లి కుల్యాష్ అయితే కూతురు రావడం పది నిమిషాలు ఆలస్యమైతే రోడ్డు మీద ఎవరెవరు ఎలా చనిపోయారో చెప్పుకుంటూ కూర్చుంటుంది. తండ్రి ఎర్గాలికి ఒంట్లో చక్కెర పెరిగిందని డాక్టరు నడవమంటే, ఆవిడే రోజూ పొద్దున అతని ట్రాక్‌సూట్ ఇస్త్రీ చేసిచ్చి బయటకు తరుముతోంది. భారీ మనిషి పాపం. ఒక్క మాటా అనకుండా బయలుదేరిపోయేవాడు.

ఈ గుణానికి అసూయ తోడైతే ఇక చెప్పేదేముంది.

మొదలైంది సీటుతో. ఒక శనివారం కారెక్కేసరికి పక్క సీటు బాగా వెనక్కి జరిపి ఉంది. ముందు వారం తను కూర్చున్నప్పుడు దగ్గరగానే ఉంది. అంటే మధ్యలో ఎవరో కూర్చున్నారు. కాళ్ళు చాపుకుని మరీ కూర్చున్నారు. పొడుగు కాళ్ళావిడ. తన పొట్టి కాళ్ళు గుర్తొచ్చి అక్బోతాకు ఒళ్ళు మండింది.

మరో వారం సీటు సందులో మాంసం కూరి కాల్చే సంసా పొరల ముక్కలు, కొవ్వు మరక కనిపించాయి. అది చూసి ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది. ఈ కారులో తనను పొద్దుతిరుగుడు గింజ ఒకటి కొరకనివ్వలేదు సాకెన్. తొక్క పడుతుందన్నాడు. ఆ పొడుగు కాళ్ళావిడకు మాత్రం వేడి వేడి సంసా తినిపిస్తున్నాడు.

పొద్దున పూట ఎప్పుడు ఫోన్ చేసినా అతను కారులోనే ఉంటున్నాడు. రోజూ పొద్దున ఎక్కడికెళ్తున్నావని తేలిగ్గా అడిగినట్టు అడిగింది. పని ఉందన్నాడు. ఏం పని అంటే మాట మార్చి వాతావరణం గురించి ఎత్తుకున్నాడు. ఏప్రిల్‌లో వాన పడకపోతే ఏం పడుతుంది?

ఇక ఆమె బుర్రలో ఆ మనిషి తయారైపోయింది. సన్నటి నడుము, భుజాల మీద జుట్టు, ఏం తిన్నా ఒళ్ళు చేయని జాతకం. రాత్రి పడుకుంటే సాకెన్ కారుకు ప్రమాదమైనట్టు, తాను ఆసుపత్రికి పరుగెత్తేసరికి అప్పటికే ఆవిడ అతని తల దగ్గర కూర్చుని తనకన్నా అందంగా ఏడుస్తున్నట్టు కనిపించేది. ఆ ఏడుపు అందంగా ఉండటమే ఆమె భరించలేకపోయింది.

దూరాన రాజధాని అస్తానాలో పెళ్ళి బట్టలు కుట్టే పిన్ని ఎప్పటి నుంచో రమ్మంటోంది. అక్బోతా ఆదివారం రైలుకు టికెట్ కొనేసింది. శనివారం కనుమ అవతల తరాజ్ ఊరికి వెళ్ళే పెళ్ళి ఊరేగింపుకు చివరిసారిగా పూలు కట్టి, ఎవరికీ చెప్పకుండా ఎక్కేద్దామనుకుంది.

శుక్రవారం పొద్దున్నే సాకెన్ కారు తెచ్చాడు. పూల చట్రం కొలతలు చూస్తుంటే పిన్ను ఒకటి జారి కుడి ముందు చక్రం వెనక్కి దొర్లింది. దాని కోసం చెయ్యి పెట్టిన అక్బోతా వేలికి చురుక్కుమని ఏదో గుచ్చుకుంది. తీసి చూస్తే రక్తం. వంగి చూసింది. బయటి నుంచి చూస్తే కొత్త టైరే. గాడులన్నీ లోతుగా, నల్లగా ఉన్నాయి. లోపలి అంచు మాత్రం గుండు గీసినట్టు నున్నగా అరిగిపోయి, లోపలి తీగలు బయటకు వచ్చేశాయి.

రేపు తరాజ్ దారిలో ఈ చక్రం మీదే కుయుక్ కనుమ దాటాలి. మలుపులో అది పేలడం, కారు పల్టీ కొట్టడం, పెళ్ళికూతురి తల్లి గుండెలు బాదుకోవడం అన్నీ ఒక్కసారే కళ్ళ ముందు తిరిగాయి. వదిలేసి వెళ్ళిపోదామనుకున్న మనిషి మీద ఇంత భయమెందుకో ఆమెకు అర్థం కాలేదు.

సాకెన్ కూడా వంగి చూసి తెల్లబోయాడు. నిన్న కడిగినప్పుడు కూడా బాగానే కనిపించిందని గొణిగాడు.

"బయట నుంచి అన్నీ బాగానే కనిపిస్తాయి," అంది అక్బోతా. అది టైరు గురించి కాదని అతనికి తెలియలేదు.

ఇద్దరూ ఉస్తా షుక్రత్ షెడ్డుకు వెళ్ళారు. చక్రాల వంకర సరిచేయడంలో ఊళ్ళో పేరున్న ఉజ్బెక్ మేస్త్రీ అతను, అందుకే అందరూ ఉస్తా అనే పిలుస్తారు. బయట సన్నగా వాన మొదలైంది. ఉస్తా కారును పైకెత్తి, లైటు పట్టుకుని కిందంతా తిరిగి చూసి, ముందు స్ప్రింగులు ఎవరు కోశారని అడిగాడు. తానూ, పెదనాన్న కొడుకూ కలిసి కోశామన్నాడు సాకెన్. దేనితో కొలిచారన్నాడు ఉస్తా. కంటితో అన్నాడు సాకెన్.

"కన్ను బాగానే ఉంది తమ్ముడూ. కుడి వైపు అర చుట్టు ఎక్కువ కోసింది," అన్నాడు ఉస్తా.

తర్వాత విడమర్చి చెప్పాడు. కారును కిందకు దించితే చక్రాల తలలు లోపలికి వాలతాయి, ముక్కులు పక్కకు తిరుగుతాయి. ఇక టైరు తన వెడల్పంతా నేల మీద ఆనించకుండా లోపలి అంచు మీదే పరుగెడుతుంది, రోడ్డు దాన్ని ఆకురాయిలా రుద్దేస్తుంది. దించిన రోజే వచ్చి చక్రాలు సరిచేయించుకుని ఉంటే ఇంత దాకా వచ్చేది కాదు. కోసిన స్ప్రింగులు తీసేసి, పొట్టిగానే తయారైన జత వేయాలి. రెండు వేళ్ళ ఎత్తు పెరుగుతుంది, ఏడవకూడదు. చక్రం తల సరిచేసే బోల్టులు బిగించి, కొత్త టైర్లు వేసి, అప్పుడు ముక్కులు సరిచేయాలి.

"ఇంకొకటి ఉంది," అన్నాడు ఉస్తా, కుడి చక్రం తట్టుతూ. "అర చుట్టుకే ఇంత అరగదు. నువ్వు నడిపేది ఎడమ వైపు కూర్చుని. మరి ఈ వైపు రోజూ ఎవరో కూర్చుంటున్నారు."

అక్బోతా చేతులు కట్టుకుంది. చివరికి చక్రం కూడా సాక్ష్యం చెప్పింది.

పని సాగుతున్నంతసేపూ ఆమె వాన వైపే చూస్తూ నిలబడింది. టీ తెచ్చిస్తే పక్కన పెట్టేసింది. ఏమైందని రెండుసార్లు అడిగి, అతను కూడా వాన చూస్తూ కూర్చున్నాడు. స్ప్రింగులు మారాయి, టైర్లు మారాయి. అప్పుడు ఉస్తా ఇసుక మూటలు లాక్కొచ్చాడు.

"ఇలాంటి కారు ఖాళీగా ఉంటే ఒకలా నిలబడుతుంది, మనుషులు కూర్చుంటే ఇంకోలా. ఖాళీ కారుకు సరిచేసి పంపితే కొత్త టైర్లు కూడా తినేస్తుంది. అందుకే సీట్లలో బరువు పెట్టి సరిచేస్తా. నీ బరువు చెప్పు. రోజూ పక్కన కూర్చునే వాళ్ళ బరువు చెప్పు."

సాకెన్ తన బరువు చెప్పాడు. రెండోది అడిగితే కొత్త టైరు తడిమి చూడసాగాడు.

"చెప్పు," అంది అక్బోతా. "ఉస్తా అడుగుతున్నాడుగా. ఎన్ని కిలోలు?"

"అది చెప్పకపోతే ఏమవుతుంది ఉస్తా?"

"రేపు కనుమలో తెలుస్తుంది."

సాకెన్ నేల చూశాడు. "నూట పదిహేను," అన్నాడు.

ఇన్ని వారాలుగా అక్బోతా కష్టపడి తయారు చేసుకున్న సన్నటి నడుము ఆ ఒక్క మాటతో కూలిపోయింది. నూట పదిహేను కిలోల పొడుగు కాళ్ళావిడను ఊహించుకోబోయింది గానీ కుదరలేదు.

"ఎవరు?"

"మాటిచ్చాను. చెబితే, నేను అడగాల్సింది అడిగే అర్హత పోతుంది."

ఏమడగాలి, ఎవరిని అడగాలి? రోజూ పొద్దునే. సీటు వెనక్కి. సంసా. నూట పదిహేను. ఇస్త్రీ చేసిచ్చిన ట్రాక్‌సూట్ ఇంటికొచ్చేసరికి వీపు మీద చెమట మరక కూడా లేకుండా ఉండటం ఆమెకు అప్పుడు తట్టింది. ఫోన్ తీసింది.

"నాన్నా, ఎక్కడున్నావు?"

"ఇవాళ నిజంగానే నడుస్తున్నానమ్మా," అన్నాడు ఎర్గాలి ఆయాసపడుతూ.

ఇవాళ నిజంగానే ఏమిటని నిలదీసింది అక్బోతా. తర్వాత తండ్రి అంతా చెప్పేశాడు. నేలకు రాసుకుపోయే కారులో కూతురు తిరుగుతోందని ఎవరో చెప్పిన రోజు నుంచి కుల్యాష్‌కు నిద్ర లేదట. ఆ అబ్బాయి తాగుతాడేమో, నడుపుతూ ఫోన్ చూస్తాడేమో, ఎర్రలైటు దగ్గర ఆగడేమో, పక్కన కూర్చుని చూసి రమ్మని భర్తను పంపిందట. కూతురికి తెలిస్తే అబ్బాయి మంచివాడిలా నటిస్తాడని ఆవిడ అనుమానం. అందుకే చెబితే మా గడప తొక్కనివ్వనని సాకెన్ దగ్గర మాట తీసుకున్నాడు. బజారు దాకా వెళ్ళి రావడం, అంతే. సంసా మాత్రం ఎవరూ పురమాయించింది కాదు.

"సంసా సంగతి మీ అమ్మకు చెప్పకు. మిగతావన్నీ చెప్పాను. గతుకు కనిపిస్తే వీధి ఆ చివర నుంచే బ్రేకు మీద కాలు పెడతాడన్నాను. ఇంత నిదానస్థుడు ఈ ఊళ్ళో ఉన్నాడా అని మీ అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆదివారం వాళ్ళింటివాళ్ళను టీకి పిలుద్దామంటోంది."

అక్బోతా ఎత్తిపెట్టిన కారు పొట్ట మీద గీతలు చూసింది. అగ్గిపెట్టెంత గతుకు ఎక్కినా సైలెన్సర్ ఊడి చేతికొస్తుంది గనుకే అతను అంత నిదానమని ఆమెకు తెలుసు. ఆ మాట ఇంట్లో ఎప్పటికీ అనకూడదనుకుంది.

"పిన్నికి నువ్వే ఫోన్ చెయ్యి నాన్నా. నేను అస్తానా రావట్లేదని చెప్పు," అని పెట్టేసింది.

అస్తానా ఏమిటని సాకెన్ కంగారుగా అడిగాడు. ఆమె చెప్పింది.

"రోజూ నా పక్కన ఎవరున్నారనుకున్నావు?"

"నేనేమీ అనుకోలేదు," అని అబద్ధమాడింది, చల్లారిన టీ అందుకుంటూ. "మా నాన్న కాక ఇంకెవరైనా ఎక్కారా?"

"మీ నాన్న ఎక్కాక ఇంకొకరికి చోటెక్కడిది?"

ఉస్తా మూటలు మోయలేక విసుక్కున్నాడు. నూట పదిహేనుకు మూటలు చాలవన్నాడు.

"అవన్నీ వద్దు ఉస్తా," అన్నాడు సాకెన్. "ఆయన ఇక నడుచుకుంటారు. ఈ సీటు ఈమెకు సరిపోయేలా చెయ్యి."

ఉస్తా మూటలు వదిలేసి అక్బోతా వైపు తిరిగాడు.

"నీ బరువు చెప్పమ్మాయ్," అన్నాడు ఉస్తా.

ఇద్దరు మగవాళ్ళ ముందు ఆ అంకె చెప్పడం కన్నా అస్తానా వెళ్ళిపోవడం మేలనిపించింది అక్బోతాకు. మూటలతో పనేముంది, నేనే కూర్చుంటానంది. ఆమె కుడి పక్క, సాకెన్ ఎడమ పక్క ఎక్కారు. ఉస్తా కిందకు దూరి, తాను చెప్పేవరకూ ఇద్దరూ బొమ్మల్లా ఉండాలని, ఒకరి వైపు ఒకరు వంగినా లెక్క తప్పుతుందని కేకేశాడు.

ఇద్దరూ ముందున్న గోడనే చూస్తూ కూర్చున్నారు.

"నీకు ఇష్టమేనా?" అన్నాడు సాకెన్ గోడతో.

ఆమె మనసులో ఏదో లెక్క వేసుకుంటోంది.

"నేను లావైతే?"

"మళ్ళీ వచ్చి సరిచేయించుకుంటాం."

"వెనక సీట్లో పిల్లలుంటే? అప్పుడు వెనక చక్రాలు అరగవూ?" అనేసి, ఏమన్నదో అప్పుడు తెలిసి, చెవుల దాకా ఎర్రబడింది. ముఖం తిప్పుకోవడానికి కూడా వీల్లేదు.

సాకెన్ గోడను చూస్తూనే నవ్వడం మొదలుపెట్టాడు. ఆపుకోలేకపోయాడు. కారు సన్నగా ఊగింది.

"కదలొద్దన్నానా," అన్నాడు ఉస్తా కింద నుంచి. "వెనక సీటు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ రెండూ సరిచేయనివ్వండి."