అడక్కుండా తెచ్చిన టమాటా మొక్క

ప్రతి శనివారం సంతలో నీదియా అమ్మే నారు బుట్టల ముందు ఎదిల్బెర్తో నిలబడేవాడు. కొనడు, కదలడు.

"నారు కొని నాటడమంటే, ఎవరో కాచిన సూపులో కొత్తిమీర చల్లి నేనే వండానని చెప్పుకోవడం," అనేవాడు.

"నీ సూపు ఇంకా పొయ్యి కూడా ఎక్కలేదుగా," అనేది నీదియా.

కొననివాడు వారం వారం ఎందుకొస్తున్నాడో అతనికి తప్ప సంతంతటికీ తెలుసు.

ఎదిల్బెర్తోకి వాళ్ళ అమ్మమ్మ పోతూ పోతూ గుప్పెడు టమాటా విత్తనాలిచ్చింది. బుల్లి గుమ్మడికాయల్లా నొక్కులు పడ్డ టమాటాలవి, ఇంకెవరి దగ్గరా లేవు. నీదియాని గెలవాలనే ఉత్సాహంలో ఒక్కటీ దాచకుండా అన్నీ చల్లేశాడు. మొలకల్ని చూసి నవ్వడానికొచ్చిన నీదియా చాలాసేపే ఉండిపోయింది.

ఆ కొండ ఊళ్ళో ఒక నమ్మకం ఉంది. అడక్కుండా పట్టుకెళ్ళిన మొక్కే బాగా వేరు పట్టుకుంటుందట. అందుకే పక్కింటివాళ్ళు మన పెరట్లో చెయ్యి పెడితే అటు తిరిగి నిలబడటం అక్కడి మర్యాద.

పూత మీదుండగా వడగళ్ళు పడ్డాయి. ఎదిల్బెర్తో మడిలో ఒక్క కాడ మిగల్లేదు. మూడు శనివారాలు సంత వైపు రాలేదు. నాలుగో వారం తలొంచుకుని నారు కొనడానికి నీదియా ఇంటికే వెళ్ళాడు.

పెరట్లో ప్లాస్టిక్ పందిరి కింద, నొక్కులు పడ్డ ఎర్రటి టమాటాలు.

అతను వంగి ఒక పండుని తాకి చూశాడు. "ఇవి అమ్మమ్మవి."

"ఒక్క మొలకే తీశాను," అంది నీదియా, చెవులు ఎర్రబడుతుండగా. "నువ్వు అటు తిరిగినప్పుడు."

"నారు అమ్మేదానివి, దొంగతనం చేశావా?"

"అమ్మేవి ఊరికి. ఇది నాకు. బతికించుకోవాలనుకున్నదాన్ని ఎవరైనా అడిగి తెచ్చుకుంటారా?"

అప్పుడు తెలిసింది అతనికి, సంతంతటికీ ఎప్పుడో తెలిసిన సంగతి. తిన్నగా వంటింటి గుమ్మంలోకి వెళ్ళాడు. లోపల నీదియా తల్లి డోన్యా ఎల్వియా మొక్కజొన్న రొట్టెలు కాలుస్తోంది.

"డోన్యా ఎల్వియా, మిమ్మల్ని ఒకటి అడగాలి. మీ నీదియాని..."

"నోరు ముయ్యి," అందావిడ కంగారుగా. "అడిగితే వేరు పట్టుకోదు."

అని గబుక్కున పొయ్యి వైపు తిరిగి, మాడని రొట్టెని మాడిందేమోనని చాలాసేపు చూస్తూ నిలబడింది.

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. పందిరి కింద మాత్రం ఎవరో నవ్వుతున్నారు.