గోడవార రెండో జాగా

ఈ హిందీ ఊళ్ళో, మా తెలుగోళ్ళ శ్మశానంలో వెనక గోడవార మూలకి చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు. వెళ్ళినవాళ్ళకి ఏదో అయిందని కాదు — అసలు వెళ్ళినవాళ్ళే లేరు. ఫ్యాక్టరీలో బి షిఫ్టు దిగి రాత్రి పదింటికి ఆ గోడ పక్కనుంచి సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళకి లోపల ఆడగొంతు వినిపించేదట. నవ్వేదట. ఒక్కోసారి ఏడ్చేదట. పురిట్లో పోయిన పిల్లనీ, బిడ్డ కోసం తిరుగుతోందనీ చెప్పుకునేవారు.

నేను ఇలాంటివి తొందరగా నమ్మే మనిషిని కాదు. కానీ ఈ మాట చెప్పింది అసిరయ్య బావ. కళ్ళారా చూశానన్నాడు. శ్మశానం కమిటీకి సెక్రటరీ, గేటు తాళం ఆయన దగ్గరే ఉండేది. క్రేన్ నడిపిన మనిషి, పిరికివాడు కాదు. అలాంటివాడు చెప్తే నమ్మక ఛస్తామా?

అగ్రికో కాలనీలో మా పక్క క్వార్టరే వాళ్ళది. ఆయన భార్య నూకాలమ్మ నాకు అక్క వరస, అప్పా అంటాను. జరిగింది అప్పకే, మర్నాడు పొద్దున టీ తాగుతూ నాకు చెప్పిందీ అప్పే. నేను ఒక్క ముక్క కలపలేదు.

మావాళ్ళం కాల్చం, పూడుస్తాం. ఇక్కడేమో జాగా కరువు. అందుకని బతికుండగానే జాగా కొనుక్కుని, పేరు రాయించుకుని, చుట్టూ ఇటుకలతో అంచు కట్టించుకోవడం మాకు అలవాటైపోయింది. మూడేళ్ళ కిందట ఆస్పత్రి మంచం మీదనుంచే బావ ఆ గోడవార మూలలో రెండు జాగాలు కొన్నాడు. "దెయ్యమని ఎవలూ తీసుకోరు. అక్కడైతే పక్కపక్కన దొరుకుతాయి" అన్నాడట.

మొగుడు పోయిన దుఃఖంలో కూడా అప్ప ఆ మాటే చెప్పుకునేది. "నన్ను ఒంటిదాన్ని చేసి పోనేదే. పక్కన జాగా అట్టేపెట్టాడు." పిల్లల్లేని మనిషికి అదే పెద్ద ధైర్యం.

మొన్న డిసెంబర్లో కమిటీవాళ్ళు చెప్పారు, అంచు కట్టని జాగాలు వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని. అప్పకి షుగరు, ఒక కాలు మొద్దుబారిపోయింది. ఆ జాగా ఎక్కడ పోతుందోనని నిద్ర పట్టలేదు. అంచు కట్టించుకుంటానని కొత్త సెక్రటరీ హరిప్రసాద్‌కి ఫోన్ చేస్తే, "డ్యూటీ దిగి ఆరింటికి రిజిస్టర్ తెస్తాను మౌసీ, గేటు దగ్గరుండు" అన్నాడు.

ఆరయ్యేసరికే చీకటి పడిపోయింది. గేటు తెరిచే ఉంది. హరిప్రసాద్ రాలేదు. పది నిమిషాలు... పావుగంట...

అప్పుడు వినిపించిందట.

వెనక గోడ వైపునుంచి. సన్నగా. ఆడగొంతు.

"అసిరీ... పలకవేటి అసిరీ..."

 మాలో ఏ ఆడదీ మొగుణ్ణి పేరు పెట్టి పిలవదు. బావకి అక్కచెల్లెళ్ళు లేరు, తల్లి ఎప్పుడో పోయింది. ఆయన్ని పేరెట్టి పిలిచేది దెయ్యం కాక ఇంకెవరు? చచ్చిన మనిషిని కూడా నిద్రపోనివ్వడం లేదనుకుంది పిచ్చిది.

నేనైతే ఆటో దొరికేదాకా పరిగెత్తేదాన్ని. అప్ప ఏం చేసిందో తెలుసా — కాలి చెప్పు తీసి చేత్తో పట్టుకుంది. దెయ్యానికి చెప్పంటే భయమని మా అమ్మమ్మల కాలం నుంచీ వింటున్నదే కదా. మొద్దుబారిన కాలు ఈడ్చుకుంటూ, ఒక్కో గోరీ దాటుకుంటూ... వెళ్ళింది.

ఫ్యాక్టరీ వైపు స్లాగు, అదే కరిగిన ఇనప చిట్టెం, పారబోశారు కాబోలు, ఆకాశం ఎర్రబడింది. ఆ వెలుగులో కనబడిందట — ఆయన గోరీ పక్కన, సరిగ్గా తన జాగాలో, ముసుగేసుకుని కూర్చున్న ఆడమనిషి.

"ఎవలే నువ్వు..." అంది అప్ప.  "నా మనిషిని ఒగ్గీ. కావాలంటే నన్ను పట్టుకో... ఆయన్ని ఒగ్గీ."

ముసుగు కదిలింది. మెల్లగా ఇటు తిరిగింది.

"నూకాలూ..."

అప్ప చెప్పు ఎత్తింది. అంతలో ఆ మనిషి ఒళ్ళో ఫోను వెలిగింది. మొహం కనిపించింది.

సీతారాండేరా బస్తీలో మా అందరికీ జాకెట్లు కుట్టే సరస్వతమ్మ. ఇరవై ఏళ్ళుగా అప్ప కొలతలు కాయితం చూడకుండా చెప్పే మనిషి.

"నువ్వేటి ఇక్కడ" అంది అప్ప. "లేచొచ్చీయే... ఇక్కడ దెయ్యం తిరుగుతాది."

సరస్వతమ్మ లేవలేదు.

"దెయ్యం నేదు నూకాలూ" అంది, నేల చూస్తూ. "ఎప్పుడూ నేదు. ఆ క్వార్టర్ల మధ్యన మాటాడుకోడానికి చోటెక్కడుంది... బి షిఫ్టు దిగి ఇక్కడికొచ్చీవోడు. నానూ వచ్చీదాన్ని. ఎవలూ ఇటు రాకుండా ఆ మాట అసిరే పుట్టించాడు."

ఎత్తిన చెప్పు అప్ప చేతిలోనే ఉంది. 

టార్చి వేసుకుంటూ హరిప్రసాద్ వచ్చాడు. "సారీ మౌసీ, లేట్ హోగయా" అంటూ పాత రిజిస్టర్ తెరిచాడు. "మొదటి జాగా అసిరయ్య. రెండో జాగా..." ఆగిపోయాడు.

"చదువు బాబూ."

"సరస్వతమ్మ. సాక్షి..." అతను ఇంక చదవలేక పేజీ అప్ప వైపు తిప్పాడు.

కింద ఒక వేలిముద్ర ఉంది. ఆస్పత్రిలో బావ అప్ప చెయ్యి పట్టుకుని, "రెండో జాగా కాయితం, ఇక్కడెయ్యి నూకా" అని వేయించిన ముద్ర. చదువు రాని మనిషి, తన జాగాకే అనుకుని వేసింది.

నాకు కడుపు మండిపోయింది. పోయినవాళ్ళని తిట్టకూడదంటారు. నేను తిట్టాను, చాలాసేపు తిట్టాను. ఇన్నేళ్ళు దాచాడు, సరే. కట్టుకున్నదాని వేలుతోనే దాని చోటు ఇంకోదానికి రాయించాడే, ఏమనాలి వాణ్ణి?

అప్ప మాత్రం ఏడవలేదట. "నీకు రాసిచ్చేత్తాను నూకాలూ, తీసుకో" అని సరస్వతమ్మ అంటే, చెప్పు కింద పడేసి కాలికి తొడుక్కుంది.

"వద్దు. ఆడి పక్కన నాకు నిద్ర పట్టదు."

గేటు పక్కన పంపు దగ్గర ఒక జాగా ఖాళీగా ఉంటే అదే రాయమంది. హరిప్రసాద్ టార్చి చంకలో పెట్టుకుని కొత్త పేజీలో అప్ప పేరు రాశాడు. "పతి కా నామ్ తో మాలూమ్ హై" అంటూ కలం మొగుడి పేరు రాసే పక్క గడిలోకి జరిపాడు.

అప్ప అతని చెయ్యి పట్టుకుంది.

"నా గోరీ మీద ఆడి పేరొద్దు బాబూ. మా అయ్య పేరు రాయి... పైడయ్య."