రెండో కన్ను

ఆఫీసులో అందరూ ఆమెను డబ్బాలక్క అనేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ అతికినట్టు సరిపోయింది. డ్రైవర్ లేని కార్లు ఊరంతా తిరుగుతూ తీసిన ఫొటోలు రోజూ వేలల్లో వచ్చిపడేవి. ఒక్కొక్కటీ తెరిచి, అందులో కనబడ్డ ప్రతిదాని చుట్టూ మౌస్‌తో ఒక డబ్బా గీయాలి. డబ్బా కింద ఒక మాట ఎంచాలి. మనిషి, బండి, జంతువు, గోడ... ఎగిరే కవరో, పొగో, నీడో అయితే 'వదిలెయ్'. కార్లు ఆ డబ్బాలను చూసి లోకాన్ని నేర్చుకుంటాయి. మనిషి అని ఉంటే ఆగుతాయి. వదిలెయ్ అని ఉంటే ఆగకుండా మీదుగా పోతాయి.

నాలుగేళ్ళుగా ఆమెకు ఇదే పని. నేల కింద అంతస్తులో కిటికీల్లేని హాలు, ఎదురెదురుగా రెండు వరసల కంప్యూటర్లు, ఎప్పుడూ గుయ్యిమనే ఏసీ. మధ్యాహ్నానికే కళ్ళు మండేవి. సాయంత్రానికి మెడ పట్టేసేది. అలసట అనేది ఒకప్పుడు ఆదివారానికి తీరేది, ఇప్పుడు ఆదివారం కూడా దానితోనే గడిచేది.

అక్కడ ఒక పద్ధతి ఉంది. ఒకరు గీసిన డబ్బాని ఇంకొకరు చూసి ఓకే కొడితేనే అది కార్లకు వెళ్తుంది. ఆ చూసేవాళ్ళని రెండో కన్ను అంటారు. డబ్బాలక్కకు రెండో కన్ను ఎదురు సీటు మాస్టారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యి, ఇంట్లో ఊరికే కూర్చోలేక ఈ పనిలో చేరాడు. సాయంత్రం ఐదు దాటితే ఇద్దరికీ ఓపిక ఉండేది కాదు.

"అమ్మాయ్, నీవి నేను కొట్టేస్తా. నావి నువ్వు కొట్టెయ్," అనేవాడాయన.

చూడకుండానే టకటకా ఓకేలు కొట్టేసి, ఇద్దరూ బస్సుకు పరిగెత్తేవారు. ఆ హాల్లో అందరూ చేసేది అదే కాబట్టి ఎవరూ ఎవరినీ ఏమీ అనేవారు కాదు.

నెలన్నర కిందట, పొగమంచు పట్టిన ఒక పొద్దున, రోడ్డు ఊడ్చే ఆవిడను ఒక కారు గుద్ది చంపేసింది. ఊరు అట్టుడికినట్టు ఉడికింది. ఆ కార్లను పట్టుబట్టి తెచ్చింది మంత్రి. ఎన్నికలేమో ముంచుకొస్తున్నాయి. ఎదుటి పార్టీవాళ్ళు చనిపోయినావిడ ఫొటో పట్టుకుని మైకులు పగిలేలా అరిచారు. ఈలోగా వాళ్ళ నాయకుడి బామ్మర్దికి చార్జింగ్ స్టేషన్ల కాంట్రాక్టు దక్కింది. దాంతో గొంతులు చల్లబడ్డాయి. ఆవిడ పేరేమిటో మాత్రం రెండు పార్టీల్లోనూ ఎవరూ కనుక్కోలేదు.

మూడో రోజు సాయంత్రం మేనేజర్ డబ్బాలక్క దగ్గరికొచ్చి నలభై ఒక్క ఫొటోలు పంపాడు. అన్నీ ఆ కారు ఆ పొద్దున తీసినవే.

"వీటిలో ఉన్నది మనిషి కాదక్కా, మంచు," అన్నాడు. "పైనుంచి చెప్పారు. మార్చెయ్."

డబ్బాలక్క మొదటి ఫొటో చూసింది. తెల్లటి మంచులో వంగిన నడుము, చేతిలో చీపురు. మనిషేనని చిన్నపిల్లనడిగినా చెబుతుంది. కాదని గొడవ పడొచ్చు. కానీ ఆరింటి బస్సుకు పది నిమిషాలుంది, తల పగిలిపోతోంది. మిగతావి తెరవకుండానే అన్నిటికీ కలిపి వదిలెయ్ నొక్కింది. ఎదురు సీట్లో మాస్టారు చూడకుండానే ఓకే కొట్టాడు. అక్కడేమీ లేదు కాబట్టి కారు ఆగలేదని రిపోర్టు వచ్చింది. తర్వాతి వారం నుంచి మాస్టారు పనికి రావడం మానేశాడు.

ఈ రోజు మధ్యాహ్నం మూడున్నరకు ఇంటి నుంచి కూతురు ఫోన్ చేసింది. ఎనిమిదేళ్ళది. బడి నుంచి వచ్చి, తల్లి వచ్చేదాకా తలుపేసుకుని ఒక్కతే ఉంటుంది.

"అమ్మా, రేపు బడికి చీపురు తీసుకెళ్ళాలి!"

"చీపురెందుకే?"

"మంత్రిగారు డ్రైవర్ లేని కార్లో వస్తారంట. కారు ముందు మేమందరం రోడ్డు ఊడవాలి. టీవీలో చూపిస్తారు. నేను ముందు వరసలో ఉన్నా!"

డబ్బాలక్కకు ఆ ఫొటో గుర్తొచ్చింది. వంగిన నడుము, చేతిలో చీపురు. అలాంటిది కనబడితే వదిలెయ్యమని ఊళ్ళో ఉన్న ప్రతి కారుకూ నేర్పింది తనే. కూతుర్నొక్కదాన్నీ ఇంట్లో ఉంచేసుకుంటే మిగతా అరవై మంది పిల్లల మాటేమిటి?

మేనేజర్ గదికి పరిగెత్తింది. అతను రేపటి మంత్రి సభ రిహార్సల్‌కు బయల్దేరుతున్నాడు. హాల్లో వాళ్ళనందరినీ అప్పటికే అక్కడికి పంపేశాడు.

"సార్, ఆ ఫొటోలు మళ్ళీ మార్చాలి. రేపు పిల్లలు వంగి ఊడుస్తారు."

"వాటి జోలికి పోకక్కా. నీ ఉద్యోగంతో పాటు నాదీ పోతుంది."

"కారు ఆగదు సార్."

అతను ఆమె మొహం చూడలేదు. బ్యాగు భుజాన వేసుకుని, సగం లైట్లు ఆర్పేసి మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

డబ్బాలక్క వచ్చి తన సీట్లో కూర్చుంది. నలభై ఒక్క ఫొటోలకూ మనిషి అని మార్చింది. తెర మీద ఒక వాక్యం వచ్చి ఆగింది. 'రెండో కన్ను కోసం చూస్తున్నాం.'

మాస్టారుకి ఫోన్ చేసింది.

"మాస్టారూ, ఒక్కసారి వచ్చి ఓకే కొట్టి వెళ్ళండి. మీ కాళ్ళు పట్టుకుంటా. పిల్లల ప్రాణాల మీదికొచ్చింది."

మాస్టారు గుసగుసగా అన్నాడు. "నేను రాలేనమ్మాయ్. ఆ సీట్లో కూర్చోలేను."

"సీటు ఖాళీగానే ఉంది మాస్టారూ."

"ఖాళీగా లేదు," అని పెట్టేశాడు.

ఏసీ ఆగిపోయింది. నాలుగేళ్ళలో ఆ గుయ్యిమనే చప్పుడు ఆగడం ఆమె ఎప్పుడూ వినలేదు. దాని వెనక ఇంకో చప్పుడు ఉందని అప్పుడు తెలిసింది.

సర్... సర్... సర్...

ఎక్కడో తలుపు దగ్గర ఎవరో నేల ఊడుస్తున్నారు. తడిసిన దుమ్ము వాసన వచ్చింది. మంచు కురిసిన పొద్దున రోడ్డు మీద వచ్చే వాసన. చప్పుడు వరస మొదట్లోకి వచ్చింది. ఒక్కో సీటు దాటుతోంది. తొందరేమీ లేదు దానికి. మాస్టారు కుర్చీ దాకా వచ్చి... ఆగింది.

కుర్చీ కిర్రుమంది.

ఎదుటి కంప్యూటర్ వెలిగింది. డబ్బాలక్కకు దాని వీపు మాత్రమే కనబడుతోంది. తల పక్కకు జరిపితే అవతల ఎవరున్నారో కనబడుతుంది. జరపలేదు. చచ్చినా జరపనని పళ్ళు బిగించి తన తెర మీదే చూపు నిలిపింది.

ఒకటి. ఓకే.

చాలాసేపటికి... రెండు. ఓకే.

అవతల ఉన్నది ఏదైనా గానీ, చూసి కొడుతోంది. ఒక్కో ఫొటో దగ్గరా ఆగి, మంచులో ఉన్నదాన్ని పట్టి పట్టి చూసి మరీ కొడుతోంది. ఆ హాల్లో ఇంతవరకు ఎవరూ అలా పని చేయలేదు.

"తప్పయిపోయిందమ్మా," అంది డబ్బాలక్క. "నాకు తెలిసే చేశాను. ఓపిక లేక చేశాను."

ముప్ఫై తొమ్మిది. నలభై. ఆగిపోయింది.

నలభై ఒకటో ఫొటో తన తెర మీద దానంతటదే తెరుచుకుంది. అందులో ఆవిడ వంగి లేదు. చీపురు పక్కన పడేసి, నిటారుగా నిలబడి, ఆగమన్నట్టు అరచెయ్యి ఎత్తి ఉంది. కళ్ళు కారు వైపు లేవు. కారు దాటి, కెమెరా దాటి, తన కళ్ళలోకే సూటిగా చూస్తున్నాయి.

డబ్బాలక్క చూపు తిప్పుకోలేదు. తిప్పుకోకూడదని ఎందుకో అనిపించింది. ఎంతసేపు చూసిందో తెలియదు.

ఓకే.

'కార్లన్నిటికీ చేరింది,' అని తెర మీద పడింది. ఏసీ మళ్ళీ మొదలైంది. డబ్బాలక్క కుర్చీ తన్నుకుంటూ లేచి, మెట్లన్నీ ఒక్క పరుగున ఎక్కింది.

బయట ఇంకా ఎండ ఉంది. ఒక కారు నెమ్మదిగా వచ్చి, రోడ్డు దాటుతున్న ముసలాయన కోసం బుద్ధిగా ఆగింది. డబ్బాలక్క గోడకు చేరబడి, నెలన్నరగా గుండెల్లో పెట్టుకున్నదంతా బయటికొచ్చేలా ఏడ్చింది. పిల్లలు బతికారు. అది చాలు.

ఫోన్ మోగింది. కూతురు.

"అమ్మా, నువ్వు పంపిన ఆంటీ వచ్చింది."

"ఏ ఆంటీనే? నేనెవర్నీ పంపలేదు. తలుపెందుకు తీశావ్?"

"తియ్యలేదమ్మా." పిల్ల గొంతులో భయం లేదు, ఆడుకుంటున్నట్టే ఉంది. "నన్ను మధ్యలో నిలబెట్టి నేల మీద చుట్టూ నాలుగు గీతలు గీసింది. కదలొద్దంది. ఇందులో ఉన్నదేంటో మీ అమ్మనడుగు అంటోంది."

డబ్బాలక్క గోడ వదిలి ఇంటి వైపు ఉరికింది.

"మనిషి!" నడిరోడ్డు మీద అరిచింది. పోతున్నవాళ్ళంతా తిరిగి చూశారు. "మనిషని చెప్పు తల్లీ! మనిషి!"

అవతల పిల్ల ఎవరికో ఆ మాట చెప్పడం వినబడింది. తర్వాత పిల్ల మళ్ళీ ఫోన్ దగ్గరికొచ్చి, మెల్లగా అంది.

"చెప్పానమ్మా. ఒక్కళ్ళు చెబితే చాలదట. ఇంకొకళ్ళు చూడాలట... తనే చూస్తానంది. నా ఎదురుగా కూర్చుంది. చూస్తోంది..."

"బంగారం..."

"ఇంకా చూస్తూనే ఉందమ్మా."